అజరయ్యగారు – పిడికెడు బియ్యము

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పుగా డోర్నకల్‌కు వచ్చిన అజరయ్యగారిని సువార్తికునిగానే తలంచుచున్నాము. సంఘపు ఆస్తినిగూర్చి ఆయన పడిన చింతను మరచితిమి. విదేశపు సొమ్ముతోనే గుడి నిలిచినచో అది మనదని ఎట్లనగలము? అందుచేత పేదపల్లెల స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడే పిడికెడు తీసి వేరే కుండలో ఉంచవలెనని నేర్పించిరి. ధాన్యము, కోళ్లు, గ్రుడ్లు కూడ కానుకలే. (ఆ కోళ్ల లెక్క వ్రాసినవారి ఓర్పు మెచ్చదగినది!)

1930 మార్చి 1న మన సంఘము ఇంగ్లండు సంఘమునుండి విడివడినది. ఆస్తులు చూచుటకు ఇండియన్ చర్చి ట్రస్టీలు ఏర్పడిరి. దస్తావేజులు భద్రమైనవి గాని, కురియు కప్పుకు పెంకులు వేయుటకు దస్తావేజు చాలదు గదా! 1939 జనవరి 6న డోర్నకల్ కతెడ్రల్ ప్రతిష్ఠింపబడినది. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించిరి. మేమెరిగిన కొన్ని ఇండ్లలో ఆ కుండ ఇంకను ఉన్నది. కొన్నింటిలో చందా రసీదులు మాత్రమే.