డాక్టరు డిక్కె

మన తెలుగుదేశమున అన్నమెట్టిదో యూరోపు ఖండమున రొట్టె అట్టిది. బిడ్డ తల్లిపాలు మాని గట్టి ఆహారమునకు అలవాటుపడు వేళ, అచ్చటి తల్లి మొదట నోటికందించునది గోధుమజావయో, పాలలో నానిన రొట్టెముక్కయో అగును. అట్టి రొట్టెయే కొందరు పసివారి పాలిట విషమగుచున్నదని నూరేండ్ల క్రిందట ఎవరైన చెప్పియుండినచో ఆ దేశములలో నమ్మువారు అరుదు. ఆ సంగతిని పదునాలుగేండ్లపాటు ఓపికతో పరిశీలించి, లోకముచేత ఒప్పించిన వైద్యుడు హాలెండు దేశీయుడగు విల్లెం కారెల్ డిక్కె.

ఆయన చేపట్టిన వ్యాధి క్రొత్తది కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది ప్రాంతమున అరిటేయస్ అను గ్రీకు వైద్యుడు దానిని వర్ణించి, ఉదరసంబంధమైనదను అర్థమిచ్చు పేరు పెట్టెను. నేటి సీలియాక్ అను పేరు దానినుండి వచ్చినదే. బిడ్డ కొన్ని నెలలవరకు చక్కగా పెరుగును. పిమ్మట మెల్లగా మార్పు కానవచ్చును. విరేచనములు పాలిపోయి, జిడ్డుగా, భరింపరాని దుర్వాసనతో నుండును. పొట్ట కుండవలె ఉబ్బును. కాలు సేతులు పుల్లలవలె సన్నగిల్లును. ముఖమున కళ తప్పును. ఎత్తు పెరుగుట ఆగిపోవును. ఊరక ముట్టినను బిడ్డ విసుగుకొని ఏడ్చును. బిడ్డ చిక్కిపోవుచున్నదని తల్లి దిగులుపడి మరికొంత రొట్టె తినిపించును. తినిపించిన కొలది బిడ్డ మరింత చిక్కును. ఇంతకంటె దారుణమైన చిక్కు ఏ తల్లికి కలుగును?

1887వ సంవత్సరమున శామ్యూల్ గీ అను ఆంగ్లవైద్యుడు లండను నగరములోని పిల్లల ఆసుపత్రిలో ఈ వ్యాధిని గూర్చి ఒక ఉపన్యాస మిచ్చెను. దీనికి చికిత్స అనునది ఉన్నచో అది ఆహారమునందే ఉండవలెనని ఆయన ఊహించెను. ఆ ఊహ సరియైనదే. కాని ఏ ఆహారము? ఒక బిడ్డకు హాలెండునుండి వచ్చు మేలైన ఆల్చిప్పల మాంసమును దినమునకు లీటరుకు మించిన కొలతతో పెట్టగా ఆ బిడ్డ అద్భుతముగా కోలుకొనెనట. ఆల్చిప్పల కాలము గడచిపోగానే వ్యాధి తిరుగబెట్టెను. మరుసటి ఏడు అవి దొరకినను ఆ బిడ్డ వాటిని ముట్టనే లేదు! ఇందులో వింత యేమనగా, గీ వైద్యుడు వరియన్నము, సగ్గుబియ్యము వంటివి తగవని చెప్పి, పలుచగా కోసి రెండు ప్రక్కల ఎఱ్ఱగా కాల్చిన రొట్టెను మాత్రము పెట్టవచ్చుననెను. దొంగను ఇంటిలోనే కూర్చుండబెట్టి ఇరుగుపొరుగువారిని అనుమానించినట్లయినది.

అటుపిమ్మట 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అను వైద్యుడు అరటిపండ్ల చికిత్సను ప్రకటించెను. రొట్టె, బంగాళాదుంపలు మొదలగునవి మాన్పించి అరటిపండ్లు పెట్టగా పెక్కుమంది పిల్లలు బ్రతికిరి. మేలు చేసినది అరటిపండు పెట్టుటయా, రొట్టె మాన్పించుటయా అను ప్రశ్న మాత్రము అట్లే నిలిచిపోయెను. ఆ చికిత్స అందనిచోట్ల పిల్లలు మరణించుచునే యుండిరి. 1939లో లండనులోని ఒక ఆసుపత్రిలో 73 మంది రోగుల వివరములు సమీక్షింపగా, నూటికి ముప్పదిమంది చొప్పున చనిపోయినట్లు తేలెను.

డిక్కె 1905 ఫిబ్రవరి 11వ తేదీన హాలెండులోని డోర్డ్రెక్ట్ పట్టణమున జన్మించెను. 1922లో లైడెన్ నగరమున వైద్యవిద్యలో చేరి, 1929లో పూర్తి చేసెను. తరువాత హేగ్ నగరములోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో శిశువైద్యమున శిక్షణ పొందెను. 1936లో ఆ ఆసుపత్రికే ఆయన ప్రధాన వైద్యాధికారి అయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 31 ఏండ్లు మాత్రమే.

రొట్టెపై అనుమానము ఆయనకు ఒక్కనాడు మెఱుపువలె తోచినది కాదు. 1932లో డచ్చి శిశువైద్యుల సభలో స్టీమన్ అను వైద్యుడు, రొట్టె తినినప్పుడు కొందరు పిల్లలకు విరేచనములు తిరుగబెట్టుచున్నవని చెప్పగా డిక్కె వినెను. ఒక తల్లి తన బిడ్డకు రొట్టె మాన్పినచో ఒంటిమీది దద్దు త్వరగా తగ్గుచున్నదని ఆయనతో చెప్పినదనియు అందురు. పెద్ద చదువులు చదివిన వైద్యులు అట్టి మాటను పెడచెవిని పెట్టుట లోకసహజము. డిక్కె అట్లు చేయలేదు.

ఆయన చేసిన పరీక్ష వినుటకు మిక్కిలి సులభము. రోగియైన బిడ్డకు గోధుమ లేని ఆహారము కొన్ని వారములపాటు పెట్టవలెను. బరువు, ఎత్తు, విరేచనముల తీరు గుర్తించుచుండవలెను. బిడ్డ కోలుకొనిన పిమ్మట మరల గోధుమను చేర్చి చూడవలెను. మరల తీసివేయవలెను. చేయుటకు మాత్రము ఇది సులభము కాదు. ఒక్కొక్క బిడ్డను నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచుకొని కనిపెట్టవలెను. గోధుమ చేర్చినంతనే వ్యాధి రాదు. కొందరిలో దినములు, కొందరిలో వారములు గడచినగాని ఆకలి తగ్గదు, బరువు పడిపోదు. కోలుకొనిన బిడ్డకు మరల కీడు కలుగునని తెలిసియు గోధుమ పెట్టుట ఏ వైద్యునికైనను మనసొప్పని పని. అయినను అట్లు చూడనిదే నిజము తేలదు. బరువును సూచించు గీత గోధుమ లేనప్పుడు పైకెక్కుచు, గోధుమ చేరినప్పుడు దిగజారుచు వచ్చెను. 1941లో ఆయన తన దేశపు వైద్యపత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఈ రోగులకు గోధుమ లేని సులభమైన ఆహారక్రమమును సూచించెను.

అప్పటికి హాలెండు జర్మను సేనల వశమైయుండెను. 1944వ సంవత్సరాంతమున అచ్చట ఘోరమైన కరవు వచ్చెను. రైలు కార్మికుల సమ్మెకు ప్రతిగా జర్మనులు పడమటి మండలములకు ఆహారము చేరకుండ ఆపిరి. ఆ చలికాలమున కాలువలు గడ్డకట్టి పడవలును నిలిచిపోయెను. ప్రజలు తులిప్ పూలమొక్కల దుంపలను వండుకొని తినిరి. సుమారు 20,000 మంది ఆకలిచే మరణించిరి. అట్టి కాలమున డిక్కె ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు, రొట్టె దొరకకపోవుటచేత, మునుపటికంటె బాగుండిరి. విదేశములనుండి సాయముగా రొట్టె వచ్చిన పిమ్మట వారి వ్యాధి మరల తలయెత్తెను.

ఈ కథ ఎంత ప్రసిద్ధి కెక్కినదనగా, డిక్కె తన సిద్ధాంతమును కరవువలననే కనిపెట్టెనని పలువురు వ్రాసిరి. అది సరి కాదు. కరవునకు ఎనిమిదేండ్లు ముందుగనే ఆయన పరీక్షలు మొదలయ్యెను. మూడేండ్లు ముందుగనే వ్యాసము వెలువడెను. కరవు ఆయనకు సాక్ష్యము పలికినది, అంతే. చూడవలసిన దేమో ముందే తెలిసియుండుటచేతనే, అందరు ఆకలిని మాత్రమే చూచిన వేళ ఆయన మరియొక సంగతిని చూడగలిగెను.

యుద్ధము ముగిసినను పరదేశములలోని వైద్యులు ఆయన మాటను వెంటనే అంగీకరింపలేదు. ఆయన మొదటి వ్యాసము డచ్చి భాషలో నుండెను. ఆ భాష తెలిసినవారు కొద్దిమంది. అంతకు మించిన అడ్డంకి వేఱొకటి కలదు. వేలయేండ్లుగా కోట్లమంది తినుచున్న గోధుమ ఎట్లు చెఱుపు చేయును? బిడ్డ కోలుకొనెననుట చాలదు. గోధుమ తినినప్పుడు లోపల ఏమి చెడుచున్నదో కొలిచి చూపవలెను.

ఆ కొలత యూట్రెక్ట్ నగరమున దొరకెను. అచ్చటి ఆహారపరిశోధనాలయమున వాన్ డి కామర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మలములోని కొవ్వును త్వరగా, కచ్చితముగా కొలుచు పద్ధతిని కనిపెట్టెను. వినుటకు రోతగా తోచవచ్చును. కాని పెక్కుమంది పిల్లల ప్రాణములు నిలిపినది ఆ కొలతయే. తినిన కొవ్వు ఒంటబట్టినచో మలమున స్వల్పముగా ఉండును. ప్రేగు దానిని పీల్చుకొనలేనప్పుడు అధికమగును. గోధుమ చేర్చినప్పుడెల్ల ఆ అంకె పెరుగుటయు, తీసివేసినప్పుడెల్ల తగ్గుటయు స్పష్టముగా కనబడెను. డిక్కె ఈ ఫలితములతో 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు తన పరిశోధనగ్రంథమును సమర్పించి డాక్టరు పట్టము పొందెను. గోధుమయు, రై అను ధాన్యమును కీడు చేయుననియు, వరి, మొక్కజొన్న చేయవనియు తేలెను. వైయర్స్ అను శిశువైద్యుడును వారితో కలసి పనిచేసెను. 1953లో ఈ ముగ్గురి వ్యాసములు ఆంగ్లమున వెలువడెను.

గోధుమలోని ఏ భాగము కీడు చేయుచున్నదో కూడ వారు తేల్చిరి. దీనిని తెలిసికొనుటకు మీ యింటిలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. గోధుమపిండిని ముద్దగా కలిపి, నీటిధార క్రింద పిసుకుచు కడుగుడు. తెల్లని పిండిపదార్థము నీటితో పోవును. చేతిలో జిగటగా, రబ్బరువలె సాగు ముద్ద మిగులును. గోధుమగింజలను చాలసేపు నమలినప్పుడు నోట మిగులు బంకయు అదియే. దాని పేరు గ్లూటెన్. రొట్టె పొంగుటకును, చపాతి విరుగక సాగుటకును అదియే కారణము. కొట్టుకొనిపోయిన పిండిపదార్థమును పెట్టినచో పిల్లలకు ఏమియు కాలేదు. గ్లూటెన్ పెట్టినచో వ్యాధి తిరుగబెట్టెను. పిండిపదార్థమే దోషియని శామ్యూల్ గీ నాటినుండి వచ్చిన నమ్మకము దీనితో కూలిపోయెను.

1952లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున చార్లొట్ ఆండర్సన్ మొదలగు వైద్యులు ఇవే ఫలితములను పొంది ప్రకటించిరి. 1954లో పాలీ అను ఆంగ్లవైద్యుడు శస్త్రచికిత్సలో తీసిన ప్రేగుముక్కను పరీక్షించి, లోపలి పొర చెడియుండుట గుర్తించెను. మన చిన్నప్రేగు లోపల మఖమలు గుడ్డ నూగువలె సన్నని చూషకములు కోట్లకొలది యుండును. ఆహారసారమును పీల్చునవి అవియే. ఈ రోగులలో అవి అరిగి చదునైపోవును. బిడ్డ ఎంత తినినను చిక్కిపోవుటకు కారణ మిది. 1957లో క్రాస్బీ అను అమెరికా వైద్యుడు సన్నని గొట్టమునకు అమర్చిన చిన్న గుళికను రోగిచే మ్రింగించి, కోత లేకుండ ప్రేగుపొర ముక్కను తీయు సాధనమును నిర్మించెను. అంతవరకు నెలల తరబడి వేచియుండి ఊహింపవలసిన వ్యాధిని అటుపిమ్మట కంటితో చూచి నిర్ధారింప వీలయ్యెను.

నేడు ముందుగా రక్తపరీక్ష చేయుదురు. గ్లూటెన్ తగిలినప్పుడు రోగి శరీరము పొరబడి తన ప్రేగుమీదనే తాను దాడి చేయును. ఆ దాడికి గుర్తులైన పదార్థములు రక్తమున కనబడును. అవసరమైనచో ప్రేగుపొరను కూడ పరీక్షింతురు. ఇచ్చట చాలమంది చేయు పొరపాటు ఒకటి కలదు. గోధుమ పడుటలేదని తోచినంతనే తమంతట తాము మానివేసి, కొన్ని నెలల పిమ్మట వైద్యునికడకు పోవుదురు. అప్పటికి రక్తములోని గుర్తులు తగ్గిపోవును. చూషకములు తిరిగి మొలచును. వ్యాధి యున్నను పరీక్షలో కానరాదు. అందువలన పరీక్షలు పూర్తియగువరకు గోధుమ తినుచుండవలెనని వైద్యులు చెప్పుదురు. నొప్పితో బాధపడువానికి అది కష్టమే. ఇది పసివారి వ్యాధి మాత్రమే కాదనియు, పెద్దలలో విరేచనములు లేకుండ రక్తహీనత మాత్రమే కనబడవచ్చుననియు ఇప్పుడు తెలిసినది. లోకమున ఇంచుమించు నూటికి ఒకరికి ఇది యున్నదని అంచనా. మన దేశమున గోధుమరొట్టె తిను ఉత్తరపు రాష్ట్రములలో ఎక్కువ. అన్నము తిను దక్షిణమున తక్కువ. మనము చిన్ననాటినుండి తిను వరి, జొన్న, సజ్జ, రాగులలో ఈ గ్లూటెన్ లేదు.

డిక్కె 1957లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయమున శిశువైద్యశాస్త్రాచార్యుడై, అచ్చటి విల్హెల్మినా పిల్లల ఆసుపత్రికి అధిపతి అయ్యెను. ఆ పదవిలో ఆయన ఎక్కువకాలము ఉండలేదు. పక్షవాతము పలుమార్లు సోకి ఆరోగ్యము చెడెను. 1962 ఏప్రిల్ 29వ తేదీన, 57 ఏండ్ల వయస్సున, యూట్రెక్ట్ నగరముననే మరణించెను. హాలెండులోని జీర్ణకోశవైద్యుల సంఘమువారు ఆయన పేర ఒక బంగారు పతకమును నెలకొల్పిరి.