గాంధీమహాత్ముని ఆహార పరీక్షలు

సన్నబడవలెనను వేడుక ఇప్పుడు మన యూళ్లకును వచ్చినది. పూర్వము ఈ మన్యపు సరిహద్దున, గోదావరి యొడ్డున, తిండి లేక చిక్కినవారే కాని కోరి చిక్కినవారు లేరు. నేడు సారపాకలో తల్లి తెల్లవారకమునుపే లేచి వండిపెట్టిన యన్నమును కూతురు ముట్టక, నిమ్మరసము పిండిన నీళ్లు త్రాగి బడికి వచ్చుచున్నది. కారణ మడిగినచో ఫోనులో ఎవరో చెప్పిరనును. మఱికొంద రింకొక యడుగు ముందుకు వేసి, గాంధీగారు వేరుసెనగలును మేకపాలును పుచ్చుకొని బ్రదుకలేదా యని మమ్మే ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నకు ఆయన జీవితమే చక్కని సమాధానము.

మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండను వెళ్లునప్పుడు మాంసము ముట్టనని తల్లికి మాట యిచ్చెను. ఆ మాట నిలుపుకొనుటకై మొదట కడుపునిండ తిండి లేక యలమటించెను. శాకాహారుల భోజనశాల యొకటి దొరకిన పిమ్మట ఆయనకు భోజనము ఒక పరిశోధనా విషయ మయ్యెను. కొన్నాళ్లు పిండిపదార్థములు మానెను. కొన్నాళ్లు రొట్టెయు పండ్లును మాత్రమే తినెను. 1893లో దక్షిణాఫ్రికాలో పచ్చి ధాన్యమును నానబెట్టి తినిచూచి, నీరసించి, కొలదిదినములకే విడిచిపెట్టెను. జోహాన్నెస్‌బర్గులో ప్రాతఃకాల భోజనము మానగా తలనొప్పి తగ్గినదని వ్రాసికొన్నాడు. దీనిని మన పిల్లలు తమకు సాక్ష్యముగా తెచ్చుకొనరాదు. అప్పుడు తా నమితముగా తినుచుంటి నని ఆయనయే యొప్పుకొన్నాడు. ఎదుగుచున్న పిల్లల సంగతి వేఱు.

1912లో టాల్‌స్టాయ్ క్షేత్రమున పాలు విడిచెను. పిదప వంటయు మాని, పచ్చి వేరుసెనగలు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మకాయలు, ఆలివు నూనె — ఇవియే ఆహారముగా చేసికొనెను. 1914లో పదునాలుగు దినము లుపవసించి, బలము పూర్తిగ చేకూరకమునుపే ప్రయాణమై లండను చేరి, ఊపిరితిత్తుల పొర వాపుతో మంచము పట్టెను. జీవరాజ్ మెహతాగారు పాలు త్రాగుమనిరి, గోఖలేగారును బలవంతపెట్టిరి. ఆయన వినలేదు.

అసలు గండము 1918లో వచ్చినది. ఖేడా జిల్లాలో సైన్యమునకు మనుష్యులను చేర్చుచు ఊరూర నడచుచున్న దినములవి. వేరుసెనగ వెన్నయు నిమ్మకాయలును తప్ప వేఱు తిండి లేదు. విరేచనములు పట్టుకొనెను. ఒక పండుగనాడు కస్తూరిబాయి వండిన తీపి గోధుమజావయు పెసలును కాదనలేక భుజింపగా రోగము పెచ్చు పెరిగెను. మందు వలదనెను, సూది వలదనెను. నడచి నడచి దేశమును కదిలించిన యా మనిషి పక్కమీదినుండి లేవలేని స్థితికి వచ్చి, మరణము సమీపించినదని తలచెను. అప్పటి కాయన వయస్సు నలువదియెనిమిది. కడకు 1919 మొదట వైద్యులు దలాల్‌గారు పాలు లేనిదే దేహము నిలువదని చెప్పిరి. వ్రతము చేసినది ఆవుపాలు, గేదెపాలను గూర్చియే కదా, మేకపాల కేమి దోషమని కస్తూరిబాయి అడిగెను. ఆయన లొంగెను. మేకపాలు గాంధీగారి సన్నని దేహపు రహస్యమని తలచువారు, అవి ఆయనను మరణమునుండి తప్పించుటకు భార్య చూపిన దారి యని తెలిసికొనవలెను. వ్రతపు అక్షరము నిలిచినను భావము చెడినదని ఆయన చాలకాలము బాధపడెను. కాని తన మాట నమ్మి పాలు విడిచినవారు మొండిపట్టు పట్టవలదని ఆత్మకథలో బహిరంగముగనే హెచ్చరించెను. మా దృష్టిలో ఆయన గొప్పతనము ఉపవాసములందుకంటె ఇందే యెక్కువగా కనబడుచున్నది.

అయినను ఆ కుతూహలము చావలేదు. తరువాతి పరీక్ష మన తెలుగుదేశమున మొలచినది. మన రేవు దాటిన గోదావరి పాపికొండలను చీల్చుకొని పోయి చేరు రాజమహేంద్రవరమున సుందరం గోపాలరావుగారను ప్రకృతిచికిత్సకు లుండిరి. నిప్పు తగిలిన ఆహారమే రోగమునకు మూల మని వారి మతము. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున తిరుగుచు గాంధీగారు వారిని కలిసికొని, వండని తిండిని మరల పరీక్షింప పూనుకొనిరి. మొలకెత్తిన గోధుమలు 8 తులములు, బాదము ముద్ద 8 తులములు, దంచిన ఆకుకూర 8 తులములు, నిమ్మకాయలు, కొంచెము తేనె. మేము లెక్క వేయగా ఇది దినమునకు సుమారు వేయి కెలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించినదానినిబట్టి కూర్చుండి పనిచేయు పురుషునికి 2,110 కెలరీలు కావలెను. పదుమూడు మొదలు పదునైదేండ్ల బాలికకు 2,400 కావలెను. ఆగస్టు నెలలో గాంధీగారికి విరేచనములు తిరుగబెట్టెను. పరీక్ష ముగించి మేకపాలకు మరలి, ఆ సంగతి తన పత్రికలో దాచక ప్రకటించెను.

అంత మనోబలము గలవాని దేహమే యేల లొంగలేదు? తిండి చాలనప్పుడు దేహము క్రొవ్వును మాత్రమే కరగించుకొనదు, కండను కూడ తినివేయును. గుండెయు కండయే. రక్తములోని పొటాసియము తగ్గెనా, గుండె లయ తప్పును. త్వరగా చిక్కినవారికి పిత్తాశయమున రాళ్లు పుట్టును. బాలికలకు నెలసరి నిలిచిపోయి ఎముకలు గుల్లబారును. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయమున 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు ఆరు నెలలు సగము తిండి పెట్టి చూచిరి. వారి బరువులో నాలుగవ వంతు పోయెను. దానికంటె విచారకరమేమన, వారికి తిండి తప్ప వేఱు తలపు లేకపోయెను, చదువుమీద మనసు నిలువలేదు, దిగులు పట్టుకొనెను. ఉదయము తినక వచ్చి మూడవ గంటలో బల్లమీద తల వాల్చు బాలికను మేము సోమరి యని గద్దించుటకు ముందు ఈ సంగతి తలచుచుందుము.

బరువు నిజముగ మిక్కుటమైనవారు తగ్గింపదగును. అది వైద్యుని యెదుట, నెలల తరబడి, మెల్లగ జరుగవలసిన పని. గాంధీగారి సన్నని రూపము ఆరోగ్యపు కొలత కానేరదు. 1939 నాటి వైద్య పత్రములలో ఆయన బరువు 46.7 కిలోలు, ఎత్తు 165 సెంటీమీటర్లు. నేటి లెక్కలో అది తక్కువ బరువే.

1942లో ఆగాఖాన్ భవనమున బందీగా నుండి, డెబ్బదిమూడేండ్ల వయస్సున, ఆయన ఆరోగ్యమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. కూర్చుండి పనిచేయువాని కొకదినపు ఆహారపట్టిక అందున్నది. ఆరు ఔన్సుల ధాన్యము, ఆకుకూరలు, ఇతర కూరలు, నెయ్యి, బెల్లము. వీని కన్నిటికి ముందు మొదటి పంక్తిలో ఆయన వ్రాసినది ఆవుపాలు, రెండు పౌనులు.