బట్టల కొట్టు నుంచి టైమ్ మెషీన్ దాకా

1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ సినిమాలోని టైమ్ మెషీన్ మనందరికీ తెలిసిందే. ఆ ఊహకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన రచయిత హెచ్.జి. వెల్స్ కూడా మనలాగే స్కాలర్‌షిప్‌తో చదువుకున్న పేదింటి బిడ్డ అని తెలిసి మేము ఎంతో సంతోషించాము. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాము.

వెల్స్ 1866 సెప్టెంబర్ 21న ఇంగ్లండులోని బ్రోమ్లీలో జన్మించారు. తండ్రి చిన్న దుకాణం నడుపుతూ, క్రికెట్ ఆడి కొంత సంపాదించేవారు. 1877లో ఆయన తొడ ఎముక విరగడంతో ఆ ఆదాయం పోయింది. తల్లి ఒక పెద్ద బంగళాలో పనికి చేరారు. వెల్స్ బట్టల కొట్టులో చేరి రోజుకు 13 గంటలు పనిచేశారు. చదువు మీద ఆశ చావక 1883లో ఆ పని మానేసి, ఒక బడిలో పిల్లలకు చెబుతూ తానూ చదువుకున్నారు. 1884లో స్కాలర్‌షిప్‌తో లండన్ సైన్సు కళాశాలలో చేరి, హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం నేర్చుకున్నారు. మధ్యలో పరీక్ష తప్పినా 1890లో బి.ఎస్సీ. సాధించారు.

1895లో ‘టైమ్ మెషీన్’ నవల వెలువడింది. అందులో 8,02,701వ సంవత్సరంలో మనుషులు రెండు జాతులుగా చీలిపోతారు. పైన సుఖపడేవారు, భూమి కింద యంత్రాల దగ్గర ఉండేవారు. తల్లి పనిచేసిన బంగళాలో నౌకర్లు నేలమాళిగలో ఉండడం వెల్స్ కళ్లారా చూసినదే.

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. 1865 నాటి నవలలో ఆయన చంద్రుడి వైపు మనుషులను ఫిరంగితో పంపారు. 1901లో వెల్స్ మాత్రం గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థాన్ని కల్పించారు. తాను తెలిసిన సైన్సునే వాడానని, వెల్స్ లేనిదాన్ని కల్పిస్తున్నారని వెర్న్ అభ్యంతరం. తమ దారులు వేరని వెల్స్ కూడా ఒప్పుకున్నారు. ఒక్క అసాధ్యాన్ని నిజమనుకుంటే మనిషి బతుకు ఏమవుతుందన్నదే వెల్స్ ప్రశ్న.

1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ ప్రారంభించిన పత్రిక ఇద్దరి కథలనూ కలిపి అచ్చువేసింది. 1929 నుంచి ఆయన పత్రికల ద్వారానే ‘సైన్స్ ఫిక్షన్’ అనే పేరు స్థిరపడింది. అలా ఒకే పేరు కింద రెండు దారులూ నిలిచాయి.

వెల్స్ 1946 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూశారు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సైన్సు మార్కుల కోసమే కాదు. రేపటి లోకంలో ఎవరు పైన, ఎవరు కింద అని అడగడానికి కూడా. ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు అందరికన్నా ఎక్కువే ఉందని మా నమ్మకం.