బాలగంధర్వుడు

చలనచిత్రములు మాటలాడ నేర్వక పూర్వము మన దేశమున జనులకు రాత్రివేళ గొప్ప వినోదము నాటకమే. నాటక సమాజములు తెరలు, దుస్తులు, వాద్యములు, వంటపాత్రలు మొదలగు సామగ్రి నంతయు బండ్లకెత్తి, రైళ్లకెత్తి ఊరూరు తిరుగుచుండెను. 1880 ప్రాంతమున ధార్వాడ నుండి అట్టి సమాజమొకటి రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చెను. వారు వెడలిపోయిన పిదప వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకములాడించిరి. మన రంగస్థలమునకును మహారాష్ట్ర ప్రాంతపు రంగస్థలమునకును ఇట్టి పాత చుట్టరికము కలదు. ఆ ప్రాంతమున స్త్రీపాత్రలు ధరించి, ప్రజలచే ఆరాధింపబడి, ఒక గొప్ప సమాజమును నడపి, దానికొఱకే సర్వస్వమును ధారవోసిన నటుడు బాలగంధర్వుడు.

ఆతని అసలు పేరు నారాయణ శ్రీపాద రాజహంస. 1888వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఒక సామాన్య గృహస్థుని యింట జన్మించెను. పసితనముననే ఆతని కంఠము మిక్కిలి శ్రావ్యముగా నుండెడిది. పదియేండ్ల ప్రాయమున పూణె నగరమున ఆ బాలుడు పాడుచుండగా లోకమాన్య తిలకు విని, ముచ్చటపడి, వానిని బాలగంధర్వుడని పిలిచెనని ప్రసిద్ధి. ఆ పేరే నిలిచిపోయెను. డెబ్బదియేండ్లు దాటిన పిదప కూడ లోకులకాతడు బాలగంధర్వుడే.

ఆ దినములలో పూణె యందు కిర్లోస్కర్ నాటక మండలి పేరుమోసిన సమాజము. 1880లో అణ్ణాసాహెబు కిర్లోస్కరు కాళిదాసు శాకుంతలమును పాటలతో మరాఠీలోనికి దెచ్చి ప్రదర్శించుటతో సంగీత నాటకమునకు మహారాష్ట్రమున గొప్ప గౌరవమేర్పడెను. నాటక మండలి యనగా ఒక పెద్ద ఉమ్మడి సంసారము. నటులు, వాద్యగాండ్రు, తెరలు వ్రాయు చిత్రకారులు, వడ్రంగులు, దర్జీలు, వంటవారు అందరును ఒకే చూరు క్రింద నుందురు. మండలికి రాబడి యున్ననే అందరికిని భోజనము. మర్యాదగల కుటుంబముల స్త్రీలు రంగమెక్కుట ఆనాడు తగని పనిగా నెంచబడెను గనుక స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. ఆ మండలిలో స్త్రీవేషమునకు ప్రసిద్ధుడైన భావురావు కొల్హట్కరు 1901లో మరణింపగా దాని వైభవము తగ్గెను. ఆ కొఱతను తీర్చుటకా యన్నట్లు 1905లో పదునేడేండ్ల నారాయణుడు మండలిలో చేరి శకుంతల పాత్రను ధరించెను. చూచినవారు ముగ్ధులైరి. భాస్కరబువా బఖలే యను సంగీత విద్వాంసుని శిష్యుడై ఆతడు తన గానమునకు శాస్త్రపు బలమును గూడ సంపాదించుకొనెను.

1911 మార్చి 12వ తేదీన బొంబాయిలో ఖాడిల్కరు రచించిన మానాపమానమను నాటకము మొదటిసారిగా ప్రదర్శింపవలసి యుండెను. నాయిక భామిని పాత్ర బాలగంధర్వునిది. ఆ దినముననే ఆతని పసికూతురు మరణించెను. ప్రదర్శనము నిలుపుదమని తోడివారు తలంచిరి. కాని ఎన్నియో దినములుగా పేరు చాటబడిన నాటకము, టిక్కెట్లు కొని వచ్చిన జనులు, మండలి పడిన వ్యయము, ఇవన్నియు ఆతని మనస్సున మెదలినవి కాబోలు. నాటకము ఆడవలసినదేయని పట్టుబట్టి, ముఖమునకు రంగు పూసికొని, రంగము మీదికి పోయెను. దీనిని దీక్షయని మెచ్చినవారు పెక్కుమంది. తండ్రికింత కాఠిన్యము తగునా యనువారును లేకపోలేదు. ఎట్లనుకొన్నను ఆ రాత్రి పాడుట ఎంత కష్టమో యూహింపవలసినదే.

తరువాత మండలి పాలకులలో భేదములు పుట్టినవి. 1913లో బాలగంధర్వుడు, గణపతిరావు బోడసు, గోవిందరావు టేంబే అను మువ్వురు వెలికివచ్చి గంధర్వ నాటక మండలిని స్థాపించిరి. తక్కిన ఇద్దరును క్రమముగా భాగస్వామ్యమును వదలుకొనగా భారమంతయు బాలగంధర్వునిపై బడెను. ఆతడు గొప్ప నటుడేగాని వ్యాపారజ్ఞుడు కాడు. ప్రేక్షకులను తల్లిదండ్రులవలె పూజించెడివాడు. తల్లిదండ్రుల ఎదుట అగ్గువ వస్తువు పెట్టరాదని ఆతని పట్టుదల. రంగము మీద పట్టుచీర యనగా నిజమైన పట్టుచీరయే కావలెను. ప్రదర్శనశాలలో అత్తరు చిలికింపవలెను. తబలాకు అహమ్మద్‌జాన్ తిరఖ్వా, సారంగికి కాదర్‌బక్షు వంటి ఉద్దండులు ఆతని మండలిలో వాయించిరి. పాట ముగియగానే జనులు వన్స్‌మోర్ అని కేకలు వేసెడివారు. ఆతడు విసుగనక మరల మరల పాడెడివాడు. పాడినప్పుడెల్ల ఏదో క్రొత్త సొగసు చేర్చెడివాడు. ఈ కారణమున రాత్రి మొదలైన నాటకము తెల్లవారుజాము వరకు సాగెడిది.

ఆతడు చీర కట్టిన తీరును, కొప్పున పూలు తురిమిన రీతిని చూచి మహారాష్ట్రపు గృహిణులు అట్లే అలంకరించుకొన నేర్చిరట! మన తెలుగునాట స్థానం నరసింహారావుగారు సత్యభామ మొదలగు వేషములతో గడించిన కీర్తి యిట్టిదే.

అలంకారములే ఆతని బలమనుకొనుట పొరపాటు. 1919లో రామగణేశ గడ్కరీ రచించిన ఏకచ్ ప్యాలా అను నాటకమును మండలి ప్రదర్శించెను. త్రాగుడు వలన ఒక కుటుంబము నాశనమగుట అందలి కథ. త్రాగుబోతు భార్య సింధువు బాలగంధర్వుని పాత్ర. జరీచీరలతో కన్నుల పండువు చేసిన ఆ నటుడు, అందు అతుకుల చీర కట్టి, తిరుగలి విసరి బిడ్డను పోషించుకొను దీనురాలుగా కనబడెను. పట్టు లేదు, నగలు లేవు. అయినను సభలో కంట తడిపెట్టనివారు అరుదు.

1920లో ద్రౌపది నాటకమునకై ఆతడు మయసభను నిర్మింపబూనెను. ధర్మరాజు మయసభలో దుర్యోధనుడు భ్రమపడినట్లు ప్రేక్షకుడును భ్రమపడవలెనని కాబోలు, ధనమును నీళ్లవలె వెచ్చించెను. నాటకము రాబడి ఆ వ్యయమునకు చాలలేదు. మండలి పెద్ద అప్పులో కూరుకొనిపోయెను.

సరిగా ఆ సమయముననే దేశము తిలక్ స్వరాజ్యనిధికి ధనము కూర్చుచుండెను. లలితకళాదర్శ మండలి యజమానుడు కేశవరావు భోసలే గానమున బాలగంధర్వునకు దీటైన ప్రతిస్పర్ధి. ఇరువురి అభిమానులును రెండు పక్షములై వాదులాడుకొనెడివారు. అట్టి ఇరువురును 1921 జూలై 8వ తేదీన బొంబాయిలో ఒకే రంగము మీద మానాపమానమును ప్రదర్శించి వచ్చిన ధనమును స్వరాజ్యనిధి కిచ్చిరి. భోసలే నాయకుడు, బాలగంధర్వుడు నాయిక. తన మండలి ఋణదాతలకు బదులు చెప్పలేకున్న కాలమున, అంతటి రాబడి గల రాత్రిని ఆతడు దేశమునకు విడిచెను. ఆ జంట మరల ఎంతో కాలము నిలువలేదు. మూడు నెలలు గడువకముందే, అక్టోబరు 4వ తేదీన, భోసలే మరణించెను.

అప్పును ఇతరుల చందాలతోగాక నాటకములాడియే తీర్పవలెనని బాలగంధర్వుడు నిశ్చయించుకొని, ఏండ్ల తరబడి శ్రమించి తీర్చెను. తీర్చిన వెనుకనైనను చేయి బిగింపవలసినది. ఆ గుణమాతనికి లేదు.

ఇంతలో కాలము మాఱెను. 1931లో హిందీ భాషయందును, 1932లో మరాఠీ, తెలుగు భాషలయందును మాటలాడు చిత్రములు వెలువడినవి. అవి స్వల్పమైన టిక్కెట్టుకు పాటలను, దృశ్యములను చూపుచుండగా పెద్ద పరివారముగల నాటక మండలులు నిలువలేకపోయినవి. హీరాబాయి బరోడేకర్ వంటి గాయనులు స్వయముగా రంగమెక్కగా, పురుషుడు స్త్రీవేషము ధరింపవలసిన యవసరమును తగ్గుచు వచ్చెను. 1934లో గంధర్వ నాటక మండలి మూతపడెను. మఱుసటి యేడు బాలగంధర్వుడు ప్రభాత్ సంస్థవారి ధర్మాత్మ చిత్రమున ఏకనాథ మహాత్ముని పాత్రను, అనగా పురుషపాత్రను, ధరించెను. కాని చిత్రపరిశ్రమ ఆతనికి సరిపడలేదు. కెమెరా ముందు వన్స్‌మోర్ అను ప్రేక్షకులుండరు గదా! ఆతడు దానిని విడిచి మరల రంగస్థలమునకే వచ్చెను.

అప్పటికి ఆతని వయస్సు ఏబదికి సమీపించెను. కంఠమున మాధుర్యమున్నను దేహమున లేబ్రాయము లేదు. ఆ వయస్సున కన్యకల వేషములు ధరించుట మాని పురుషపాత్రలకు మఱలి యుండినచో మేలయ్యెడిది. 1938లో గోహరుబాయి యను గాయని మండలిలో చేరి స్త్రీపాత్రలు ధరింప మొదలిడెను. పూర్వపు వైభవము మాత్రము మరల రాలేదు. కడపటి యేండ్లలో ఆతని కాళ్లు చచ్చుబడెను. రాజభోగము లనుభవించిన నటుడు పేదరికమున, భజనలు పాడుకొనుచు కాలము గడపెను. 1955లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1964లో పద్మభూషణ బిరుదము ఆతనికి లభించినవి.

పూణె నగరమున బాలగంధర్వుని పేర ఒక నాటకశాలను నిర్మింప సంకల్పించి, 1962లో ఆతనిచేతనే శంకుస్థాపన చేయించిరి. నడువలేని ఆ వృద్ధుని మోసికొనివచ్చి ఆ చోట కూర్చుండబెట్టిరి. భవనము పూర్తియగుట ఆతడు చూడలేదు. 1967 జూలై 15వ తేదీన పూణెలో కన్నుమూసెను. 1968 జూన్ 26వ తేదీన, ఆతడు జీవించియున్నచో ఎనుబదియేండ్లు నిండు దినమున, బాలగంధర్వ రంగమందిరమున మొదటిసారి తెర లేచెను.