యోహాన్ బెస్లర్

యోహాన్ బెస్లర్ (సుమారు 1680 - 1745 నవంబరు 30) జర్మనీలోని సాక్సనీకి చెందిన యంత్రనిర్మాత. ఆర్ఫిరియస్ అనే మారుపేరుతో ప్రసిద్ధుడు. బయటి శక్తి లేకుండా తనంతట తానే తిరిగే చక్రాన్ని నిర్మించినట్లు ఇతడు ప్రకటించాడు.

చక్రాల కొలతలు

బెస్లర్ 1712లో గెరా పట్టణంలో తొలి చక్రాన్ని ప్రదర్శించాడు. దాని వ్యాసం మూడున్నర అడుగులని కొన్ని రచనలు, నాలుగున్నర అడుగులకు పైనని మరికొన్ని పేర్కొంటున్నాయి. ఆ కాలంలో అడుగు పొడవు ప్రాంతాన్ని బట్టి మారేది. హెస్సె-కాసెల్ పాలకుడు కార్ల్ ఆశ్రయంలో 1717లో నిర్మించిన చక్రం వ్యాసం 12 అడుగులు. ఇవి ఇంగ్లీషు అడుగులైతే 3.66 మీటర్లు, రైన్‌లాండ్ అడుగులైతే 3.77 మీటర్లు అవుతాయి. ఈ చక్రం నిమిషానికి 25 లేక 26 సార్లు తిరిగినట్లు డచ్చి శాస్త్రవేత్త గ్రావెసాండె న్యూటనుకు లేఖ ద్వారా తెలిపాడు.

పరీక్ష, వివాదం

1717 నవంబరు 12న ఈ చక్రాన్ని వైసెన్‌స్టైన్ కోటలోని గదిలో ఉంచి మూసివేశారు. రెండు వారాల తరువాత తెరిచి చూసి, మరల ముద్ర వేశారు. 1718 జనవరి 4న తెరిచినపుడు కూడా అది తిరుగుతూనే ఉన్నదని నమోదైంది. అయితే లోపలి భాగం కప్పి ఉన్నందున పరీక్షకులు వెలుపలి కొలతలు మాత్రమే తీసుకోగలిగారు. 1721లో గ్రావెసాండె పరిశీలన తరువాత, రహస్యం బయటపడుతుందన్న అనుమానంతో బెస్లర్ స్వయంగా చక్రాన్ని పగులగొట్టాడు. పక్కగది నుండి చేతితో చక్రాన్ని తిప్పేవారని 1727లో అతని పనిమనిషి వాంగ్మూలమిచ్చింది. గ్రావెసాండె దానిని విశ్వసించలేదు.

మరణం

ఫుర్‌స్టెన్‌బెర్గ్‌లో గాలిమర నిర్మిస్తుండగా క్రిందపడి బెస్లర్ మరణించాడు. 19వ శతాబ్దంలో స్థిరపడిన శక్తి నిత్యత్వ నియమం ప్రకారం ఇటువంటి యంత్రం అసాధ్యం. వ్యాసం, వేగం ఎంత కచ్చితంగా కొలిచినా, చక్రానికి శక్తి ఎక్కడి నుండి వచ్చిందో ఆ కొలతలు చెప్పలేవు.