నటీమణి సిబిల్ థార్న్‌డైక్

నటీమణుల జీవితకథలు సాధారణంగా వారి సౌందర్యంతో మొదలై వారి ఐశ్వర్యంతో ముగుస్తూ ఉంటాయి. సిబిల్ థార్న్‌డైక్ కథ అట్టిది కాదు. ఆమె జీవితంలో ముఖ్యమైన ప్రతి మలుపు వద్దా ఏదో ఒకటి చేజారిపోయింది. పోయినదానికై విలపిస్తూ కూర్చొనక, మిగిలినదానితో వెంటనే పని ప్రారంభించడమే ఆమె విశిష్టత. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ నాటకరంగంలో అగ్రశ్రేణికి చెందిన ఈ నటి చరిత్రను ఆ దృష్టితోనే మా పాఠకుల ముందుంచదలచాము.

సిబిల్ 1882 అక్టోబర్ 24వ తేదీన ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో, గెయిన్స్‌బరో పట్టణంలో జన్మించింది. తండ్రి ఆర్థర్ థార్న్‌డైక్ క్రైస్తవ మతాచార్యుడు. ఆయనకు రోచెస్టర్ కెథెడ్రల్‌లో పదవి లభించడంతో ఆమె బాల్యం ఆ పట్టణంలో గడిచింది. తల్లికి సంగీతమంటే ప్రాణం. కుమార్తె గొప్ప పియానో విద్వాంసురాలు కావాలన్నది ఆ ఇంటి ఆశ. లండన్‌లోని గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయంలో ఆమె శిక్షణ పొందింది. సంవత్సరాల సాధన ఫలించవలసిన తరుణంలో ఆమె మణికట్టు పట్టుకుపోయి, వేళ్లు మాట వినడం మానివేశాయి. సంగీతాన్ని వృత్తిగా స్వీకరించే ఆశ అంతటితో అడుగంటింది.

అప్పుడు ఆమెకు దారి చూపినవాడు తమ్ముడు రస్సెల్. అక్కాతమ్ములిద్దరూ బెన్ గ్రీట్ నాటక సమాజంలో చేరి, 1904లో అమెరికా పర్యటనకు బయలుదేరారు. షేక్స్పియర్ నాటకాలను ఊరూరా, ఆరుబయట సైతం ప్రదర్శించే సమాజమది. ఆ కొద్ది సంవత్సరాలలో ఆమె నూటికి పైగా పాత్రలు ధరించింది. ఈ శ్రమకు గొంతు తట్టుకోలేక మూగవోయింది. మొదట చేయి, ఇప్పుడు స్వరం! వైద్యుల ఆదేశంపై ఆమె వారాల తరబడి సంపూర్ణ మౌనం పాటించింది. స్వరం తిరిగి వచ్చింది. ఆ స్వరమే మరో అరువది సంవత్సరాలు ప్రేక్షకులను శాసించింది.

1908లో ఆమె నటుడు, దర్శకుడు లూయిస్ కాసన్‌ను వివాహమాడింది. వారికి నలుగురు సంతానం. 1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. భర్త సైన్యంలో చేరాడు. లండన్‌లో వాటర్‌లూ ప్రాంతపు పేదవాడల నడుమ లిలియన్ బేలిస్ నడుపుతుండిన ఓల్డ్ విక్ నాటకశాలలో సిబిల్ ప్రవేశించింది. జీతం స్వల్పం. పురుష నటులు యుద్ధానికి తరలిపోగా, వేషాలకు మనుషులు కరువయ్యారు. ఆమె రాకుమారుడు హాల్‌గాను, లియర్ రాజు కొలువులోని విదూషకుడుగాను నటించింది. పైన శత్రువుల విమానదాడులు జరుగుతున్నా నాటకాలు ఆగలేదు. 1917లో ఆమె తండ్రి మరణించాడు. చిన్న తమ్ముడు ఫ్రాంక్ యుద్ధంలో నేలకొరిగాడు. 1919లో ఆమె యూరిపిడిస్ విరచిత 'ట్రాయ్ స్త్రీలు' నాటకంలో బిడ్డలను కోల్పోయిన హెక్యూబా రాణిగా నిలిచినప్పుడు, ఎదుట కూర్చున్నవారిలో యుద్ధశోకం అనుభవించని ఇల్లు అరుదు. వేల ఏండ్లనాటి గ్రీకు దుఃఖం వారికి పాతదిగా తోచకపోవడంలో వింత లేదు.

1922లో ఆమె షెల్లీ కవి రచించిన 'ది చెంచీ' నాటకంలో నటించగా బెర్నార్డ్ షా తిలకించాడు. అందలి న్యాయవిచారణ దృశ్యం ఆయనను కదిలించివేసింది. తాను వ్రాయదలచిన జోన్ ఆఫ్ ఆర్క్ పాత్రకు తగిన నటి దొరికిందని ఆయన నిశ్చయించుకున్నాడు. 'సెయింట్ జోన్' 1924 మార్చి 26న లండన్‌లో ప్రారంభమై 244 ప్రదర్శనలు జరుపుకొన్నది. పందొమ్మిదేండ్లకే అగ్నికి ఆహుతియైన పల్లెపడుచు పాత్రను ధరించేనాటికి సిబిల్ వయస్సు నలుబదియొక్కటి! 1931లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను 'డేమ్' బిరుదుతో సత్కరించింది.

చలనచిత్రాలకు ఆమె రెండవ స్థానమే ఇచ్చింది. అయినా 1928లో వచ్చిన 'డాన్' మూకీ చిత్రాన్ని విస్మరించరాదు. మొదటి యుద్ధకాలంలో జర్మనులు బ్రస్సెల్స్‌లో కాల్చిచంపిన నర్సు ఎడిత్ కావెల్ గాథ అది. దౌత్య సంబంధాలకు భంగమన్న వాదంపై చిత్రానికి అడ్డంకులు ఎదురై, బ్రిటన్‌లో గొప్ప వివాదం చెలరేగింది. 1957 నాటి 'ది ప్రిన్స్ అండ్ ది షోగర్ల్'లో మార్లిన్ మన్రోతో కలసి నటించినప్పుడు, మన్రో ఆలస్యాలకు తక్కినవారు విసుగుచెందుతుండగా, కెమెరా ముందు నటించడం ఎరిగినది ఆమెయేనని వెనుకేసుకొచ్చినది ఈ వృద్ధనటియే.

సిబిల్ శాంతివాది, కార్మికుల పక్షపాతి. రెండవ యుద్ధకాలంలో, 1940లో ఆమె భర్తతో కూడి ఓల్డ్ విక్ బృందంతో వేల్స్ బొగ్గుగనుల ఊళ్లకు వెళ్లింది. అక్కడి సామాన్యమైన హాళ్లలో, కొద్దిపాటి సామగ్రితో 'మాక్‌బెత్', తరువాత 'మీడియా' ప్రదర్శించారు. గనులలో పనిచేసే వారికి తేలిక వినోదమే చాలునని ఆమె తలపోయలేదు. మహానగర ప్రేక్షకులకిచ్చే నాటకమే వారికీ ఇచ్చింది. అందుకే ఆ పర్యటన ఆమె బిరుదులన్నిటికంటె గొప్పదని మా అభిప్రాయం. 1945లో ఆమె బృందం జర్మనీలో, అంతకు కొద్దికాలం ముందే విముక్తమైన బెల్సెన్ నిర్బంధ శిబిరం వద్ద సైతం నాటకం ఆడింది. అక్కడి ఆసుపత్రిలో చిక్కి శల్యమైన పసివారిని ఆమె కన్నులారా చూసింది. ఆ దృశ్యం ఆమెను జీవితాంతం వెన్నాడింది.

1950 తరువాతి దశకంలో ఆ వృద్ధదంపతులు కావ్య, నాటక పఠనాలతో ఆస్ట్రేలియా, న్యూజీలాండులనే గాక మన దేశాన్ని కూడ సందర్శించారు. అరువది సంవత్సరాల దాంపత్యం తరువాత 1969లో కాసన్ మరణించాడు. అదే సంవత్సరం లెదర్‌హెడ్ పట్టణంలో ఆమె పేరిట నూతన నాటకశాల వెలసింది. ఎనుబదియారేండ్ల ప్రాయంలో, భర్తృవియోగం పచ్చిగా ఉండగానే, ఆమె అక్కడ కొత్త నాటకంలో నటించింది. రంగస్థలంపై అదే ఆమె చివరి పాత్ర. 1976 జూన్ 9న ఆమె కన్నుమూసింది. చితాభస్మాన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో నిక్షేపించారు.

కోరిన కోర్సులో సీటు రాలేదనో, ఒక పరీక్ష తప్పిందనో జీవితం ముగిసినదని తలచే విద్యార్థులు ప్రతియేటా మా కంటబడుతుంటారు. మణికట్టు బాగుండి ఉంటే సిబిల్ ఒక మంచి పియానో వాద్యకారిణి అయి ఉండేదేమో. వేల్స్ గనికార్మికులు మాత్రం ఆ 'మాక్‌బెత్'ను చూచి ఉండేవారు కారు.