జీవకణపు ఆకలి నెరిగిన శాస్త్రవేత్త: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసిన పిమ్మట విద్యార్థులమైన మాలో వైద్యశాస్త్ర ప్రసంగాలు ఎక్కువైనవి. క్యాన్సరు మందుల మాట వచ్చినప్పుడెల్లా పాశ్చాత్యుల పేర్లే వినవస్తాయి. ఆ మందులలో మొదటి తరమునకు చెందిన ఒకదాని వెనుక మన డెల్టాలో పుట్టిన ఒక తెలుగువాని కృషి ఉన్నదన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. చిన్ననాడు చదువుపై మనసు నిలువలేదు. ధనార్జన కోరికతో పదమూడేండ్ల ప్రాయంలోనే ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా పెద్దలు వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలోగాని దాటలేదు. మార్కుల పట్టికను బట్టి మనిషి భవిష్యత్తును నిర్ణయించే పెద్దలు ఈ విషయం గమనించవలసినదని మా మనవి. తల్లి వెంకమ్మగారి పట్టుదలయే ఆయనను మద్రాసు వైద్య కళాశాల వరకు నడిపించింది. అక్కడ ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడ్డారు.

ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధి బలిగొన్నది. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు జబ్బు అది. అదే జబ్బు సుబ్బారావుగారిని కూడ పట్టగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స ప్రాణము నిలిపింది. కణమునకు ఆహారము ఎట్లు చేరును, చేరనిచో ఏమగును అన్న ప్రశ్న ఆయనకు పుస్తకాలలో దొరికినది కాదు. ఇంటిలో రెండు మరణాల నడుమ ఎదురైనది.

1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ హార్వర్డులో చదువు సాగించారు. ఆచార్య ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ మార్గముననే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ అను శక్తి పదార్థమును వారిద్దరు వేరుపరచగా, అదే యేట జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. మనము పరీక్షల కొరకు కంఠస్థము చేసే ఆ మూడక్షరాల వెనుక రాత్రికూలీ చేసిన ఒక తెలుగు యువకుడు ఉన్నాడు. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన కొలువు నీయలేదు.

1940లో న్యూయార్కు సమీపమున గల లెడర్లే ప్రయోగశాలలలో చేరారు. అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధిని అణచినది ఈ పదార్థమే! వారికి మాత్రము ఇరువదేండ్లకు పైగా ఆలస్యమైనది.

ఇక్కడే కథ విచిత్రమైన మలుపు తిరిగింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలను ఇచ్చి చూడగా రోగము మరింత ఉద్ధృతమైనట్లు తోచింది. బలహీనునికి ప్రాణము పోసే పదార్థము క్యాన్సరు కణమునకును ఆహారమే అయినది. అట్లయిన ఆ ఆహారమును అడ్డగించవలెను. రూపములో ఫోలిక్ ఆమ్లమును పోలి, పనిలో దానిని ఆటంకపరచే అమైనోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందము సమకూర్చింది. 1948 జూన్‌లో ప్రకటితమైన వివరాల ప్రకారము పదునారుగురు పిల్లలలో పదిమందికి ఉపశమనము కలిగింది. అది తాత్కాలికమే, కాని అంతకుముందు ఆ మాత్రము ఆశయైనను లేదు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో ఉన్నది.

ఆకలిగొన్న కణము ఊరక చావదని తరువాతి శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు. ఏటీపీ తగ్గగానే కణములోని ఒక ఎంజైము ఆ కొరతను పసిగట్టి సంకేతమిస్తుంది. అంతట కొన్ని ప్రోటీనులు పాతబడిన భాగాలను సంచిలో మూటగట్టి, జీర్ణముచేసి, ముడిసరుకుగా తిరిగి అందిస్తాయి. ఈ స్వీయభక్షణ రహస్యమును ఛేదించిన జపానీయుడు ఒసుమికి 2016లో నోబెల్ బహుమానము లభించింది. బెక్లిన్ అను ప్రోటీనును తయారుచేసే జన్యువు ప్రతులు రెండింటిలో ఒకటి లోపించిన ఎలుకలలో కంతులు అధికమగుట 2003లో తేలింది. అనగా ఈ శుభ్రత ఆదిలో క్యాన్సరును నివారిస్తుంది. కాని కంతి వేళ్లూనిన పిమ్మట అదే ప్రక్రియ, మందుల దెబ్బతిన్న కణములను బ్రతికించనూ గలదు. దానిని క్లోరోక్విన్ జాతి మందులతో అడ్డుకొనుటకు రోగులపై పరీక్షలు జరిగినవి. నిశ్చితమైన విజయము ఇంకను చేకూరలేదు. మేలుచేసే పదార్థమే శత్రువునకు తోడగుట సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లము నాడే కనిపించిన చిక్కు గదా!

అమైనోప్టెరిన్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు యాభైమూడు సంవత్సరాలు. స్వదేశమునకు తిరిగి రానేలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించింది. బోదకాలు బాధ మన డెల్టా పల్లెలకు తెలియనిది కాదు. ఆ వ్యాధి నివారణకై మన కోస్తా జిల్లాలలో ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికి వచ్చి పంచిన డైఇథైల్ కార్బమజీన్ మాత్ర కూడ 1947లో ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాలనుండి వచ్చినదే.